బండి వెనక మూడు అంగుళాలు



ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాం, ఓపికగా చదవండి. ఎప్పటిలాగే తప్పులుంటే సర్దుకోండి. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు చేతికి వచ్చింది రిటైర్ అయిన తరువాత, మన సంఘం ఆదివారం తరగతిలో మనవళ్ళ పక్కన కూర్చుని. అందుకని ఒత్తులు అక్కడక్కడ తప్పిపోతాయి. లెక్కలు మాత్రం తప్పవు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు చేసింది అదే పని.

విషయం మన పికప్ బండి. పోయిన కమిటీ మీటింగులో యువజన విభాగం తమ్ముళ్ళు ఒక తీర్మానం పెట్టారు, బండి వెనక భాగం మూడు అంగుళాలు కిందికి దించాలని. వచ్చే ఆదివారం దాని మీద ఓటు. ఆ రోజు మేము, అంటే బండి లెక్కలు చూసే ముగ్గురు ముసలివాళ్ళం, ఏమీ మాట్లాడలేదు. మీటింగు అయ్యాక చాలామంది అడిగారు, "ఏం మామా, బండి విషయం మీదే కదా, నోరు ఎందుకు మెదపలేదు?" అని. మెదపలేకపోవడానికి కారణం ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాం.

ముందు తమ్ముళ్ళ వైపు న్యాయం చెప్పాలి. వాళ్ళు అడిగింది షోకు కోసం కాదు. మన బండి ఎక్కువగా దేనికి పోతుంది? ఆడి కృత్తికకు తిరుత్తణిలో అన్నదానం గుండిగలు, కార్తీకంలో షోళింగర్ నరసింహస్వామి దగ్గరికి బియ్యం మూటలు, పెళ్ళిళ్ళకు కుర్చీలు, షామియానా. ఇవన్నీ కలిపినా సగం. మిగతా సగం ఐస్ పెట్టె. ఎవరి ఇంట్లో పెద్దవాళ్ళు పోయినా రాత్రి రెండు గంటలకైనా మొదటి ఫోను మన సంఘానికే వస్తుంది. ఐస్ పెట్టెను మేము బియ్యం మిల్లు కాటా మీద పెట్టి చూశాం, 92 కిలోలు. బండి ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు నేల నుండి తొట్టి దాకా టేపు పెట్టి కొలిచాం, 34 అంగుళాలు. నడుముకన్నా ఎత్తు. దాన్ని ఎత్తడానికి నలుగురు కావాలి. రాత్రి రెండు గంటలకు నలుగురు ఎక్కడ దొరుకుతారు? పోయిన నెల ఎత్తేటప్పుడు పెట్టె జారి ఒక పెద్దాయన కాలి వేలు నలిగింది. మహిళా విభాగం వదినమ్మలు తొట్టి ఎక్కాలంటే స్టూలు వేసుకోవాలి. కాబట్టి అడగడం తప్పు కాదు. అడిగిన మందు తప్పు.

ఇప్పుడు కొత్త సభ్యులకు తెలియని సంగతి. ఈ మందు ఒకసారి వేసి చూశాం.

మన బండి 2012 మోడల్. 2016లో సెకండ్ హ్యాండులో కొన్నాం. 2018 ఆడి మాసంలో, కృత్తికకు ముందు, ఇదే మాట వచ్చింది. ఖాళీ పికప్పును పక్క నుండి చూశారా? తోక ఎత్తిన తేలు లాగ వెనక భాగం పైకి ఉంటుంది. ఎందుకు దేవుడా ఇంత ఎత్తు అనుకున్నాం. దించితే గుండిగలు ఎక్కించడం సులువు, చూడ్డానికి సమంగా ఉంటుంది అనుకున్నాం. మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసింది మేమే, తమిళంలో. కింద మూడు సంతకాలు, అవీ తమిళంలోనే. ఆ మూడూ మావే.

పట్టరైకి తీసుకుపోయాం. ఏ పట్టరై అని అడగొద్దు, అతను మేము చెప్పిన పనే చేశాడు. బండి వెనక ఇరుసు మీద పట్టీల కట్ట ఉంటుంది కదా, మన వైపు పట్టై అంటాం. పుత్తూరులో ఉన్న మా వియ్యంకుడు కమాను కట్ట అంటాడు. ఎద్దుల బండికీ లారీకీ అదే మాట అట. మంచి మాట, వంగిన విల్లు లాగ ఉంటుంది కాబట్టి పేరు సరిగ్గా సరిపోయింది. మన బండికి ఒక్కో వైపు ఏడు పట్టీలు. అతను ఒక్కో వైపు రెండేసి తీసేశాడు. మిగిలిన వాటిని గ్యాసు మంటతో కాల్చి, సమ్మెటతో కొట్టి వంపు తగ్గించాడు. కూలితో కలిపి నాలుగు వేల ఐదు వందలు. సాయంత్రానికి బండి వెనక మూడు అంగుళాలు దిగింది. మేము ముగ్గురం చుట్టూ తిరిగి చూసి మురిసిపోయాం. కొబ్బరికాయ కూడా కొట్టాం.

కృత్తిక రోజు గుండిగలు, గ్యాసు బండలు, బియ్యం అన్నీ కలిపి తొమ్మిది వందల కిలోల పైన ఎక్కించాం. తిరుత్తణి పోయేదాకా వెనక నుండి దబ్ దబ్ అని చప్పుడు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది, ఇరుసు పూర్తిగా పైకి వచ్చినప్పుడు ఇనుముకు ఇనుము తగలకుండా. ప్రతి గుంతలో ఇరుసు పోయి దానికి తగులుతోంది. డ్రైవరు తమ్ముడు చెప్పాడు, "మామా, వెనక దిమ్మ తగులుతా ఉంది" అని. మేమేమన్నాం? "మెల్లగా పోనియ్ రా" అన్నాం.

తరువాత ఇంకోటి చెప్పాడు. రాత్రి పూట ఎదురుగా వచ్చే బండ్లన్నీ మనకు లైట్లు కొట్టి తిడుతున్నాయట. నిజమే కదా, వెనక దిగితే ముందు మూతి లేస్తుంది, హెడ్‌లైటు రోడ్డు మీద పడకుండా ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. అది కూడా "చూద్దాంలే" అన్నాం.

కార్తీకంలో ఒక ఆదివారం. షోళింగర్‌లో అన్నదానం ముగిసింది. గుండిగలు అక్కడే తెలిసినవాళ్ళ ఇంట్లో దించేసి బండి ఖాళీగా తిరిగి వస్తోంది. సాయంత్రం ఆరున్నర, తుంపర వాన. చెరువు కట్ట మలుపు దగ్గర ఒక దూడ అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు రెండూ ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. బండి తోక తిరిగింది. నలభై కిలోమీటర్ల వేగం కూడా లేదు. బండి అడ్డంగా జారిపోయి కట్ట దిగువన చింతచెట్టుకు గుద్దుకుంది. దూడ బతికింది. తమ్ముడి ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ప్లేటు వేశారు. ఇరవై నాలుగేళ్ళ పిల్లవాడు.

ఊళ్ళో ఏమన్నారో పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. "ఖాళీ బండి, కుర్రవాడు, తొక్కేసి ఉంటాడు." మన సంఘంలోనే అన్నారు. మా ఎదుటే అన్నారు. మేము విన్నాం.

బండిని తాడు కట్టి వేరే పట్టరైకి లాక్కుపోయాం. అక్కడ ఒక ముసలి మెకానిక్ టార్చి పట్టుకుని కిందికి దూరాడు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తరువాత మమ్మల్ని కూడా కిందికి రమ్మన్నాడు. ఆ వయసులో, ఆ గ్రీజు మురికిలో వెల్లకిలా పడుకుని చూశాం. ఇరుసు మీద నుండి ఒక సన్నని కమ్మీ పైకి వెళ్ళి, ఛాసిస్‌కు బిగించిన ఒక చిన్న వాల్వుకు తగిలించి ఉంది. "ఇదేమిటో తెలుసా?" అన్నాడు. తెలియదు అన్నాం. "దీన్ని ఎవరైనా సరి చేశారా?" అన్నాడు. లేదు అన్నాం.

అది ఏమి చేస్తుందో అతను చెప్పినది చెప్పినట్టు మీకు చెప్తాం, ఎందుకంటే మొత్తం కథ అక్కడే ఉంది.

పికప్ బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువు చాలా తక్కువ. బ్రేకు తొక్కితే ఉన్న బరువు కూడా ముందుకు వాలుతుంది. అప్పుడు వెనక చక్రాలకు పూర్తి బ్రేకు ఇస్తే అవి తిరగడం మానేసి జారుతాయి. జారే చక్రానికి పట్టు ఉండదు, తోక ఎటైనా పోతుంది. నిండు బండిలో మాత్రం వెనక బ్రేకు బాగా పనిచెయ్యాలి, లేకపోతే ఆగదు. మరి బండి ఖాళీయా నిండా అని బ్రేకుకు ఎలా తెలుస్తుంది? ఆ కమ్మీయే చెప్తుంది. బరువు వేస్తే పట్టీలు వంగి, ఛాసిస్ ఇరుసుకు దగ్గరవుతుంది, కమ్మీ వాల్వును నెడుతుంది, వెనకకు బ్రేకు ఆయిల్ ఒత్తిడి పెరుగుతుంది. ఖాళీ చేస్తే దూరమవుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అంటే ఆ వాల్వు బరువును తూచడం లేదు. ఎత్తును కొలుస్తోంది. ఎత్తును బట్టి బరువు ఇంత ఉంటుందని నమ్ముతోంది.

మనం పట్టీలు తీసి మూడు అంగుళాలు దించాం. ఆ రోజు నుండి మన ఖాళీ బండిని ఆ వాల్వు నిండు బండి అని నమ్మింది. వాన రోడ్డు మీద, ఖాళీ తోకకు, లోడు బండికి ఇవ్వాల్సిన బ్రేకు ఇచ్చింది. ఆ తమ్ముడు మరీ గట్టిగా తొక్కకపోయినా అలా జరగవచ్చు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి మాకు నిద్ర పట్టలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మేము పనిచేసింది క్యారేజ్ అండ్ వ్యాగన్ ఆఫీసులో. మెకానిక్కులం కాదు, గుమస్తాలమే. కానీ ఆ ఆఫీసులో ఎక్కువసార్లు కళ్ళబడిన అంకెలు రెండు ఉన్నాయి, 1105, 1030. బఫర్ ఎత్తు. బ్రాడ్ గేజిలో పట్టా మీద నుండి బఫర్ మధ్య దాకా, ఖాళీ బండికి 1105 మిల్లీమీటర్లకన్నా ఎక్కువ ఉండకూడదు, నిండు బండికి 1030కన్నా తక్కువ ఉండకూడదు. కొత్త స్ప్రింగు, అలిసిన స్ప్రింగు, కొత్త చక్రం, అరిగిన చక్రం, ఖాళీ, నిండు, అన్నిటికీ కలిపి రైల్వే ఇచ్చిన తేడా 75 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూడండి, దాదాపు మూడు అంగుళాలు. చక్రం అరిగి పెట్టె దిగితే కింద ప్యాకింగ్ పెట్టి మళ్ళీ ఎత్తుకు తెస్తారు. ఎందుకంటే ఒక పెట్టె బఫర్ ఎత్తుగా, పక్క పెట్టె బఫర్ దిగువగా ఉంటే గుద్దుకున్నప్పుడు ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కుతుంది. ఎత్తు అంటే ఏమిటో మాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? ముప్పై నాలుగేళ్ళు ఆ రిజిస్టర్లు రాసి, సొంత సంఘం బండికి వచ్చేసరికి టేపు మడిచి జేబులో పెట్టుకున్నాం.

ఇక తమ్ముళ్ళు మీటింగులో చెప్పిన మాటలకు వస్తాం.

"అప్పుడు పట్టీలు తీశారు కాబట్టి అలా అయింది, ఇప్పుడు పట్టీలు తియ్యం" అన్నారు. మంచిదే. పట్టీలు తియ్యడం అన్నిటికన్నా చెడ్డ పని. కట్టలో అన్నిటికన్నా పొడుగైన పట్టీకే రెండు చివర కన్నులు ఉంటాయి, ఇరుసును దాని చోట పట్టి ఉంచేది అదే. కింద ఉన్న పొట్టి పట్టీలు దానికి తోడు నిలబడి బరువు పంచుకుంటాయి. అట్టడుగున ఉండే మందం పట్టీ ఖాళీ బండిలో సోమరిలాగ కనిపిస్తుంది, నిండు లోడు పడ్డప్పుడే దాని పని మొదలవుతుంది. చాలామంది దాన్నే ముందు తీసేస్తారు, పని చెయ్యడం లేదు కదా అని. (ఆఫీసుల్లో కూడా అలాంటి మనుషులను తీసేసి తరువాత ఏడ్చిన సంగతి మాకు తెలుసు, అది వేరే కథ.) తీసేస్తే మిగిలిన పట్టీలకు భారం పెరుగుతుంది, పెద్ద పట్టీ విరుగుతుంది. ఆర్సీ పుస్తకంలో మాత్రం మొయ్యగల బరువు పాత అంకెగానే ఉంటుంది. పుస్తకం చూసి లోడు ఎక్కిస్తాం, పట్టీ పుస్తకం చదవదు.

"వంపు తగ్గిస్తే సరిపోతుంది" అన్నారు. చల్లగా ప్రెస్సులో పెట్టి వంపు సరిచేసే పని తెలిసినవాళ్ళు ఉన్నారు, కాదనం. మనకు జరిగింది అది కాదు. స్ప్రింగు ఇనుముకు ఆ గుణం ఎక్కడి నుండి వస్తుంది? ఫ్యాక్టరీలో ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ కొలత ప్రకారం వేడి చేస్తేనే వస్తుంది. గ్యాసు మంట పెట్టిన చోట ఆ గుణం పోతుంది. పైకి చూస్తే అదే ఇనుము. వంగితే మళ్ళీ లేవదు, లేదా విరుగుతుంది. పోనీ చల్లగానే వంచుదాం అంటే, ఎత్తు తగ్గిన తరువాత పైన చెప్పిన వాల్వు సంగతి, రబ్బరు దిమ్మ సంగతి, హెడ్‌లైటు సంగతి అన్నీ అలాగే ఉంటాయి.

"ఇరుసును పట్టీల పైకి మార్చే కిట్ ఉంది, అమెరికాలో అందరూ చేస్తారు" అని ఒక తమ్ముడు ఫోనులో వీడియో చూపించాడు. చూశాం, బాగుంది. మన బండ్లలో పట్టీల కట్ట ఇరుసు మీద కూర్చుంటుంది. దాన్ని తిరగేసి ఇరుసును కట్ట మీద కూర్చోబెడితే వెనక భాగం ఒక్కసారిగా చాలా దిగుతుంది, మూడు అంగుళాలకన్నా ఎక్కువే. పట్టీల బలం తగ్గదు, అది నిజం. కానీ అప్పుడు ఇరుసు పైకి లేస్తే ఛాసిస్‌కే తగులుతుంది. అందుకని ఆ వీడియోలోనే ఛాసిస్‌ను చంద్రవంకలాగ కోసి వేరే ముక్క వెల్డింగ్ చేశారు. ఇరుసు మూతి కోణం మారితే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు తిన్నగా తిరగవు, దాన్నీ సరి చెయ్యాలి. కాలిఫోర్నియాలో 1980ల నుండే చిన్న పికప్పులను నేలకు తాకేలా దించే సరదా ఉంది. అది వాళ్ళ వాకిలి ముందు ముగ్గు లాంటిది, చూసుకోవడానికి. తొట్టిలో తొమ్మిది వందల కిలోల బియ్యం, గుండిగలు వేసుకుని మన ఊరి స్పీడు బ్రేకర్ మీద ఎక్కించడానికి కాదు. చేసేవాళ్ళు కూడా బ్రేకు, షాక్ అబ్సార్బర్ అన్నీ దానికి తగ్గట్టు మార్చుకుంటారు. మన పట్టరైలో ఆ చంద్రవంక కోసేవాడు ఎవరు, దానికి జామీను ఎవరు?

చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ బండి మార్పుల గురించే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, తయారీదారు ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని. అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. యజమాని అంటే ఇక్కడ ఎవరు? సంఘం. ఆర్సీలో సంఘం పేరు, కేసు వస్తే సంతకం పెట్టిన పెద్దల పేర్లు. "ఆర్సీలో పట్టీల లెక్క రాయరు కదా మామా" అని ఒక తమ్ముడు నవ్వాడు. ఆర్సీలో రాయరు నాయనా. ఇన్సూరెన్సు సర్వేయరు మాత్రం లెక్కపెట్టాడు. చింతచెట్టు కింద వంగి, వేలు పెట్టి ఒకటి రెండు మూడు నాలుగు ఐదు అని లెక్కపెట్టి, "మిగతా రెండు ఎక్కడ సార్?" అన్నాడు. మన క్లెయిము అక్కడే ముగిసింది. బండి బాగుచేయించిన ఖర్చు మొత్తం మన చందా డబ్బే. ఎనిమిదేళ్ళు దాటిన బండి కాబట్టి ఇప్పుడు ప్రతి ఏడాదీ ఎఫ్.సి. చూపించాలి. ఎఫ్.సి.కి ముందు రోజు పట్టీలు మళ్ళీ వేసి, మరునాడు తీసేద్దామా? అలా చేసేవాళ్ళు ఉన్నారు. మన సంఘం అది చెయ్యకూడదని మా అభిప్రాయం.

మరి ఐస్ పెట్టె సంగతేమిటి? కాలి వేలు నలిగిన పెద్దాయనకు ఏం జవాబు చెప్తాం?

మొదట లెక్క చూడండి. ఇప్పుడు 92 కిలోలను 34 అంగుళాలు ఎత్తుతున్నాం. మూడు అంగుళాలు దించితే అదే 92 కిలోలను 31 అంగుళాలు ఎత్తాలి. అప్పుడు కూడా నలుగురు కావాలి. అప్పుడు కూడా జారితే వేలు నలుగుతుంది. ఇంత గొడవ చేసి మనకు మిగిలేది పదిలో ఒక వంతు కూడా కాదు.

గూడ్స్ షెడ్డు చూడనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు, రైల్వే ఊరు మనది. అక్కడ మూటలు మోసేవాళ్ళు వ్యాగన్‌లోకి మెట్లెక్కి పోతారా? లేదు, తిన్నగా నడిచిపోతారు. ఎందుకంటే ప్లాట్‌ఫారాన్ని వ్యాగన్ నేల ఎత్తుకు తగ్గట్టు కట్టారు. ప్లాట్‌ఫారం కోసం వ్యాగన్ స్ప్రింగులు తీసెయ్యలేదు. మన సంఘం భవనం వెనక వాకిట్లో, ఐస్ పెట్టె ఉంచే గది ముందు, 34 అంగుళాల ఎత్తున ఒక సిమెంటు తిన్నె కట్టుకుంటే చాలు. పెట్టెకు ఎలాగూ చక్రాలున్నాయి. బండి వెనక్కి ఆనించి, ఇద్దరు తోస్తే లోపలికి పోతుంది. గుండిగలకూ కుర్చీలకూ అదే తిన్నె. గది నేలను కూడా ఆ ఎత్తుకు లేపాలా, లేక పక్కన వాలు పెట్టాలా అన్నది మేస్త్రీ చూసుకుంటాడు.

చావు ఇంటి ముందు తిన్నె ఉండదు కదా అంటారు. అక్కడికి మడిచే ర్యాంపు. పది అడుగుల పొడుగు, రెండు ముక్కలు, జారకుండా గీతలున్న అల్యూమినియం రేకు, అంచులు లేపినది. 34 అంగుళాల ఎత్తుకు పది అడుగుల వాలు అంటే 92 కిలోల పెట్టెను లాగడానికి 26 కిలోల బలం, రాపిడి కలుపుకుంటే ముప్పై, ముప్పై ఐదు అనుకోండి. తొట్టి ముందు గోడకు చేతితో తిప్పే చిన్న వించి ఒకటి బిగిస్తే ఒక మనిషి తిప్పవచ్చు, ఒకరు పక్కన పట్టుకుంటే చాలు. దించేటప్పుడు కూడా వించి తాడు పట్టి ఉంటుంది, జారదు. వించి బిగించే ముందు ఎఫ్.సి. ఆఫీసులో ఒక మాట అడిగేస్తాం, ఈసారి అడగకుండా ఏదీ చెయ్యం. ర్యాంపుకూ వించికీ మేము రెండు చోట్ల ధర అడిగి ఉంచాం, కాగితాలు మీటింగుకు తెస్తాం. వదినమ్మలకు తొట్టి వెనక కొక్కేలకు తగిలించే రెండు మెట్ల నిచ్చెన, అది వెల్డింగ్ షాపులో సాయంత్రానికి అయిపోతుంది.

బండికి చెయ్యాల్సింది ఒకటే ఉంది. 2018 చివర్లో వేసిన కొత్త పట్టీల సెట్టు ఇప్పుడు కొంచెం అలిసింది, కుడి వైపు అర అంగుళం దిగి ఉంది. బుష్షులు అరిగాయి. వాటిని మార్చి, యూ బోల్టులు కూడా కొత్తవి వేసి (పాతవే బిగించొద్దు, ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ సరిగ్గా పట్టదు), ఆ వాల్వు కమ్మీని తయారీదారు కొలత ప్రకారం సరి చూపించాలి. అంటే దించడం కాదు, ఉండాల్సిన ఎత్తుకు తేవడం.

కాబట్టి ఆదివారం మా ముగ్గురి ఓటు తీర్మానానికి వ్యతిరేకం. తమ్ముళ్ళు కోపగించుకోవద్దు. ర్యాంపు తీర్మానం మీరే పెట్టండి, మేము బలపరుస్తాం.

ఇంకొకటి ఉంది, ఇంతసేపు చుట్టూ తిరిగింది దాని కోసమే.

ఆ డ్రైవరు తమ్ముడు ఇప్పుడు బస్టాండు పక్కన జెరాక్స్ షాపు పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవదు. హెవీ లైసెన్సు తీసుకోవాలని ఆశ ఉండేది, అది అక్కడితో పోయింది. పెళ్ళి సంబంధం చూసేటప్పుడు ఒక ఇంటివారు "బండి పల్టీ కొట్టించినవాడే కదా" అన్నారట. పోయిన వారం ఈ తీర్మానం సంగతి చెప్పడానికి అతని షాపుకు పోయాం. టీ తెప్పించాడు. మేము మాట ఎత్తకముందే అతనే అన్నాడు, "ఆ రోజు నేనే కొంచెం గట్టిగా తొక్కేశాను మామా. దూడను చూసి భయపడ్డాను."

ఇన్నేళ్ళుగా అతను అదే అనుకుంటున్నాడు. వాల్వు సంగతి వాళ్ళ నాన్నకు అప్పుడే చెప్పాం, ఆసుపత్రి ఖర్చు అందరం వేసుకున్నాం, అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాం. ఆయన కొడుకుతో చెప్పలేదు. ఏమనుకున్నాడో, మా పరువు పోతుందనుకున్నాడో, పోయినేడు ఆయనా పోయారు. మన ఐస్ పెట్టెలోనే, మన బండిలోనే. మీటింగులో మేము ఎన్నడూ చెప్పలేదు. "తొక్కేసి ఉంటాడు" అన్నప్పుడు విని ఊరుకున్నాం, ఎందుకంటే ఆ మాట ఆగితే తరువాతి ప్రశ్న మా సంతకాల మీదికి వస్తుంది.

ఆ రోజు షాపులో కూర్చోబెట్టి, కాగితం మీద ఇరుసు, కమ్మీ, వాల్వు బొమ్మ గీసి అతనికి చూపించాం. చాలాసేపు ఆ కాగితం చూశాడు. ఒకటే అడిగాడు, "మరి తిరుత్తణి పోయేటప్పుడు దిమ్మ తగులుతోందని మీకు చెప్పాను కదా మామా?"

చెప్పాడు. చెప్పాడని ఇక్కడ రాస్తున్నాం.

ఆదివారం ఎజెండాలో రెండో తీర్మానం మాది. 2018 కార్తీకంలో జరిగిన ప్రమాదం బండికి మేము చేయించిన మార్పు వల్ల జరిగింది, డ్రైవరు తప్పు లేదు అని మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. పాత తీర్మానం ఉన్న పేజీ పక్కనే ఖాళీ ఉంది, అక్కడే రాద్దాం. ఈసారి తెలుగులో రాస్తాం, తమిళంలో కూడా రాస్తాం, ఎవరూ చదవలేదని చెప్పడానికి లేకుండా. అతన్ని కూడా పిలిచాం. షాపు మూసి వస్తానన్నాడు.

తీసేసిన ఆ నాలుగు పట్టీలు పారెయ్యలేదు. భవనం మెట్ల కింద గోనెసంచిలో ఉన్నాయి, తుప్పు పట్టి. ఓటు వేసే ముందు ఎవరైనా చూడాలంటే ఆదివారం అరగంట ముందు రండి, ఆ గది తాళం మా దగ్గరే ఉంది.